సగం కోర్సుకే పట్టా

ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో పేజీలు నింపే మనం, మన చేతుల మీదుగా చదువుకుని ఇంతటిదైన ఒక సూక్ష్మజీవికి ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. దాని పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. పేరు తెలియనివాళ్లు కూడా దాని పనితనం ఎరుగుదురు: సెగగడ్డ.

పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో అది అద్దె లేకుండా కాపురం ఉంటుంది. మామూలుగా ఎవరి జోలికీ పోదు. చర్మం తెగినప్పుడో, ఆపరేషన్ గాయం మానకుండా ఉన్నప్పుడో లోపలికి దిగి, వీలైతే రక్తం దాకా వెళ్తుంది. 1928లో శాస్త్రవేత్త ఫ్లెమింగ్ గాజు పళ్లెంలో బూజు దెబ్బకు చచ్చింది ఈ వంశమే. తర్వాత ఆ బూజు నుంచే వచ్చిన పెన్సిలిన్ మందుకు లొంగడం మానేసింది. 1959లో మెథిసిలిన్ అనే మందు తెస్తే, రెండేళ్లు తిరగకుండానే ఇంగ్లండులో దానికీ లొంగని రకం బయటపడింది. మందు పట్టుకునే ప్రోటీనుకు బదులు, పట్టు చిక్కని మరో ప్రోటీనుతో తన కణం చుట్టూ గోడ కట్టుకోవడం నేర్చింది. అదే ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్.

అంతటి దాని చదువులో నా వంతు కూడా ఉందని వినయంగా మనవి చేస్తున్నాను. మొన్న జలుబు చేసింది. జలుబు వైరస్ పని, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదని తెలిసే మందుల షాపుకు వెళ్లాను. చదువుకున్నవాణ్ణి కదా! షాపు అబ్బాయి కత్తెర తీసి మూడు మాత్రలు కత్తిరించాడు. డాక్టరు చీటీ లేనిదే వాడవద్దన్న ఎర్ర గీత అడ్డంగా తెగింది. గడువు తేదీ మిగిలిన ముక్కతో డబ్బాలోకి వెళ్లిపోయింది. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు కౌంటరు మీదే ఉంది, టీ గ్లాసు కింద.

రెండు మాత్రలు వేసుకున్నాను. జలుబు తన లెక్క ప్రకారం తానే తగ్గింది. ముక్కులోని అద్దెదారుకు మాత్రం ఉచితంగా క్లాసు జరిగింది. బలహీనులు పోయారు, గట్టివాళ్లు సంసారం పెంచుకున్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చిందని గర్వపడే జాతి మనది. ఆ మందు పేరులోనూ, ఈ క్రిమి పేరులోనూ ఉన్నది లాటిన్ భాషలోని బంగారమే. మందులోని బంగారం కరిగించి క్రిమికి నగ చేయించడం మాత్రం మన సొంత తెలివి.

మూడో మాత్ర ఫ్రిజ్ మీద భద్రంగా ఉంది. నిన్న పక్కింటి పిన్నిగారు గొంతు నొప్పి అన్నారు. తీసి ఇచ్చాను.

"ఒక్కటి సరిపోతుందా బాబూ?"

"ముందు ఇది వేసి చూడండి పిన్నిగారూ. నాకు రెండే పట్టాయి."