ఓతార్ గబేలియాని ఆర్థిక మంత్రి చేయాల్సింది

జార్జియా ఫుట్‌బాల్ అభిమానుల మీద నాకు చాలా కోపంగా ఉందండి. 1981 మే 13న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో వాళ్ళ క్లబ్బు దినమో త్బిలిసి, యూరప్ క్లబ్బుల పోటీ అయిన కప్ విన్నర్స్ కప్ గెలిచింది కదా, ఆ ఫైనల్ గురించి ఎవర్ని కదిపినా 86వ నిమిషంలో దరసెలియా కొట్టిన గోలే చెప్తారు, కనీసం గుత్సాయెవ్ సమం చేసిన సంగతైనా ఎత్తుతారు, అసలు కీపర్ ఎవరయ్యా అంటే మాత్రం ఆకాశం వైపు చూస్తారు. రికార్డుల్లోనూ అంతే. ఫైనల్లో ప్రత్యర్థి కార్ల్ జైస్ జేనా వాళ్ళ హొప్పె 63వ నిమిషంలో గోల్ కొట్టాడని ఉంటుంది, ఆపినవాటికి పద్దే లేదు. అంటే మన కీపర్ ఓతార్ గబేలియా ఆ రోజు చేసిన పని మొత్తానికి ప్రభుత్వ గుర్తింపు పొందింది ఆ ఒక్క తప్పే అన్నమాట.

సరే, ఫైనల్ దాకా రెండేసి మ్యాచుల గోల్స్ కలిపి చూసే లెక్కలే చూద్దాం. వెస్ట్ హామ్‌ని లండన్‌లో 4-1తో చితక్కొట్టి సొంతూళ్ళో 0-1తో ఓడారు. ఫెయెనూర్డ్‌ని 3-0తో గెలిచి రోటర్‌డామ్ వెళ్ళి 0-2తో ఓడారు. ఫైనల్ 2-1. గమనించారా, ప్రతిసారీ ఇల్లు ఎంత అప్పు మోయగలదో సరిగ్గా అంతే చేశారు, ఒక్క రూపాయి ఎక్కువ లేదు! ఇంత పొదుపు తెలిసిన మనిషికి ఖజానా తాళాలివ్వకుండా గ్లౌజులిచ్చి పోస్టుల మధ్య నిలబెట్టారు. (1979లో లివర్‌పూల్ దగ్గర 1-2తో అప్పుపడి త్బిలిసిలో 3-0తో వడ్డీతో సహా తీర్చారు కూడా. ఆ తర్వాత హాంబర్గ్ వచ్చి రెండు మ్యాచుల్లో ఆరు కొట్టింది, ఆ లోటు బడ్జెట్ గురించి ఈ వ్యాసంలో చర్చించబడదు.)

మరి ఇంత చేసినోడికి 1982లో స్పెయిన్ వరల్డ్ కప్ టికెట్ రావాలి కదా? దినమో నుంచి చివద్జే కెప్టెన్‌గా వెళ్ళాడు, సులక్వెలిద్జే, దరసెలియా, షెంగెలియా వెళ్ళారు. జార్జియా అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగం కదా, ఆ సోవియట్ టీమ్ తీసుకెళ్ళిన ముగ్గురు కీపర్లెవరంటే దసాయెవ్, ఒక చానోవ్, ఆ చానోవ్‌కి అన్నయ్య ఇంకో చానోవ్. దసాయెవ్ సంగతి వదిలెయ్యండి, ఆయన జోలికెళ్తే నన్ను కొడతారు, పైగా మ్యాచులన్నీ ఆయనే ఆడాడు. బెంచీ మీద కూర్చోడానికి కూడా అన్నదమ్ములే కావాలా అని నా ప్రశ్న, జెర్సీ మీద ఒకే ఇంటిపేరైతే దర్జీకి పని తేలికని కాబోలు.

అందుకని ఒక డిమాండ్ పెడుతున్నా. ఇకనుంచి కీపర్ ఆపిన ప్రతి షాట్‌కీ స్కోర్‌బోర్డు మీద నిమిషం, కొట్టినోడి పేరు, పక్కన "విఫలయత్నం" అని వెయ్యాలి, పాత మ్యాచులకి కూడా. స్ట్రైకర్లు ఒప్పుకోరు, ధర్నాకి కూర్చుంటారు, కూర్చోనివ్వండి, అంతసేపూ గోల్‌పోస్టుకి ప్రమాదం తప్పుతుంది.