నామినీ అంటే యజమాని కాదు

“బ్యాంకులో, ఎల్‌ఐసీలో నామినీగా ఎవరి పేరు ఉంటే డబ్బు మొత్తం వాళ్లదే. భార్యాపిల్లలకు కూడా అడిగే హక్కు లేదు. నామినీ ఉంటే వీలునామాతో పనిలేదు. సుప్రీంకోర్టే చెప్పింది.” ఈ మెసేజ్ ఎన్నాళ్ల నుంచో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దీన్ని నమ్మి, తమకు న్యాయంగా రావలసిన వాటా మీద ఆశ వదులుకునేవాళ్లు ఉంటారు. నాకు కోపం అందుకే. ఇందులోని ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“డబ్బు మొత్తం నామినీదే.” కాదు. ఇళ్లల్లో మనం నామినీ అన్నప్పుడు “నా తర్వాత ఇది ఫలానావాళ్లకు” అనే అనుకుంటాం. చట్టం ఉద్దేశం అంత పెద్దది కాదు. ఖాతాదారు చనిపోతే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో ఆ మనిషి నామినీ, అంతే. అసలు వారసులు ఎవరు, ఎవరికెంత అని తేల్చడం బ్యాంకు మేనేజర్ పని కాదు. అందుకే డెత్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు చూసుకుని నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోయేలా ఏర్పాటు చేశారు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలోని 45జెడ్‌ఏ సెక్షన్ ఈ మాట చెబుతూనే, డబ్బు అందుకున్న మనిషిని అడిగే హక్కు మిగతావాళ్లకు అలాగే ఉంటుందని కూడా చెబుతుంది. మెసేజ్‌లో ఆ రెండో సగం ఎగిరిపోయింది.

లెక్క వేసి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకాయన 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, తమ్ముణ్ణి నామినీగా పెట్టాడు. వీలునామా రాయకుండానే చనిపోయాడు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. బ్యాంకు 12 లక్షలూ తమ్ముడికే ఇస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, భార్యకు, ఇద్దరు పిల్లలకు తలా 3 లక్షలు రావాలి. తమ్ముడికి ఒక్క రూపాయి కూడా రాదు. తెచ్చిన డబ్బు వాళ్లకు అప్పజెప్పకపోతే అతని మీద దావా వేయవచ్చు. తల్లికీ సమాన వాటా ఉందని చాలా ఇళ్లల్లో తెలియదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. ముస్లింలకు, క్రైస్తవులకు వాటాల లెక్క వేరు. నామినీ స్థానం మాత్రం ఇదే.

“సుప్రీంకోర్టే చెప్పింది.” సుప్రీంకోర్టు చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. 1983 డిసెంబరులో తీర్పు వచ్చిన శర్బతీ దేవి కేసులో చనిపోయిన వ్యక్తికి 10 వేల చొప్పున రెండు ఎల్‌ఐసీ పాలసీలు ఉన్నాయి. నామినీ ఆయన భార్య. కొడుకు, తల్లి తమ వాటా కోసం కోర్టుకెక్కారు. నామినీ డబ్బు అందుకోవచ్చు గానీ దానికి యజమాని అయిపోదని, వారసులకు వాటా ఉంటుందని కోర్టు తేల్చింది. 2010లో బ్యాంకు డిపాజిట్ల విషయంలో, 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల విషయంలో కూడా ఇదే దారిలో తీర్పులిచ్చింది.

మెసేజ్‌లో కొంత నిజం ఉన్నది జీవిత బీమా దగ్గరే. బీమా చట్టానికి చేసిన సవరణ 2014 డిసెంబర్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. పాలసీదారు తన తల్లిదండ్రులనో, భార్యనో లేక భర్తనో, పిల్లలనో నామినీగా రాస్తే ఆ సొమ్ము లబ్ధి వాళ్లదేనని అందులో ఉంది. తమ్ముడు, మేనల్లుడు, స్నేహితుడు ఈ జాబితాలో లేరు. పైగా ఈ సవరణ వారసుల హక్కును పూర్తిగా తుడిచేసిందా అన్న వాదన కోర్టుల్లో నడుస్తూనే ఉంది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, తర్వాత మార్చకుండానే చనిపోయిన ఒక వ్యక్తి కేసులో 2025లో కర్ణాటక హైకోర్టు తల్లికి, భార్యకు, బిడ్డకు సమానంగా పంచింది.

పీఎఫ్ సంగతి ఇంకా వేరు. కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబంలో వాళ్లనే నామినీగా పెట్టాలి. పెళ్లికి ముందు తమ్ముడి పేరు ఇచ్చి ఉంటే పెళ్లయ్యాక అది చెల్లదు. కొత్తగా నింపాలి. పెళ్లి హడావిడిలో ఈ పని ఎవరికీ గుర్తుండదు.

ఇక “నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు కదా, పర్సంటేజీ రాస్తే పంపకం అయిపోయినట్టే” అన్నది ఈ మధ్య కొత్తగా చేరిన మాట. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి పేర్లు ఇవ్వవచ్చన్నది నిజమే. ఆ పర్సంటేజీ బ్యాంకు ఎవరి చేతిలో ఎంత పెట్టాలో చెబుతుంది. ఆ నలుగురూ వారసుల స్థానంలోకి రారు.

“నామినీ ఉంటే వీలునామాతో పనిలేదు.” ఈ మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ వాక్యమే. డిపాజిట్ ఫలానా వాళ్లకే చెందాలని మీకు ఉంటే, ఆ మాట వీలునామాలో ఉండాలి. నామినీ పేరూ, వీలునామాలో పేరూ ఒకటే అయితే ఇంట్లోవాళ్లకు తిరుగుడు తప్పుతుంది. పొలానికి, ప్లాటుకు అయితే నామినీ ప్రసక్తే లేదు. వీలునామా లేకపోతే వారసత్వ చట్టమే దిక్కు.

ఒకవేళ మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వచ్చి నామినీ మీద నమ్మకం లేకపోతే, బ్యాంకు కౌంటర్ దగ్గర గొడవపడి లాభం లేదు. కోర్టు ఉత్తర్వు చూపిస్తే తప్ప బ్యాంకు నామినీకి ఇవ్వకుండా ఆగదు. డబ్బు ఇంకా బ్యాంకులో ఉండగానే ఒక లాయర్ని కలిసి స్టే కోసం ప్రయత్నించండి. ఇచ్చేసిన తర్వాత అయితే దావా వేయాల్సింది నామినీ మీదే, బ్యాంకు మీద కాదు.