సీపీఎస్‌ఎస్‌కు ప్రిపేర్ అవ్వొద్దనే మెసేజ్‌కు నా జవాబు

మా మేనకోడలు ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసర్ల ఎంపికకు పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాసింది. పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచ్ కోరుకుంది. ఎయిర్‌ఫోర్స్ సెలెక్షన్ బోర్డు నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తోంది. పోయిన నెల ఫోన్ చేసి, "మామయ్యా, విమానం డయల్స్ చదవడం ఆపేశాను. అది చదివితే వచ్చేది కాదంట" అంది. ఎవరు చెప్పారు తల్లీ అని అడిగితే ఒక మెసేజ్ పంపింది. తర్వాత అదే మెసేజ్ నాకు మరో మూడు చోట్ల కనిపించింది.

దాని సారాంశం ఇదీ. సీపీఎస్‌ఎస్, అంటే పైలట్ల ఎంపికకు కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష, దాటే నేర్పు పుట్టుకతో రావాల్సిందే, ప్రాక్టీస్‌తో రాదు. ముందుగా చదివితే మెదడు కన్ఫ్యూజ్ అవుతుంది, ఖాళీ బుర్రతో వెళ్లాలి. మొబైల్ గేమ్స్ బాగా ఆడేవాళ్లకు గ్యారంటీ. అమ్మాయిలకు రిఫ్లెక్స్ తక్కువ కాబట్టి కష్టం. ఒక్కసారి ఫెయిలైతే జీవితంలో ఎయిర్‌ఫోర్స్ తలుపు మూసుకున్నట్టే. చివర్లో "పది మందికి షేర్ చేయండి, ఒక్కరి టైమ్ అయినా మిగులుతుంది" అని ఉంది.

నేను లెక్కల మాస్టారిని. డిఫెన్స్ పరీక్షలకు వెళ్లే పిల్లలు కొందరు కొన్నేళ్లుగా నా దగ్గరకు వస్తున్నారు. ఈ మెసేజ్ ఎవరి టైమూ మిగల్చదు. ఉన్న ఒక్క అవకాశాన్ని పోగొడుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ పరీక్ష ఏమిటో చెప్తాను. భారత వైమానిక దళంలో పైలట్ కావాలంటే ఇంటర్వ్యూ, గ్రూప్ టాస్కులు, సైకాలజీ పరీక్షలతో పాటు కంప్యూటరైజ్డ్ పైలట్ సెలెక్షన్ సిస్టమ్ కూడా దాటాలి. అదే సీపీఎస్‌ఎస్. దీన్ని డీఆర్‌డీఓకు చెందిన రెండు ల్యాబులు, ఢిల్లీలోని డీఐపీఆర్, బెంగళూరులోని ఏడీఈ తయారుచేశాయి. అంతకుముందు పీఏబీటీ అనే పరీక్ష ఉండేది. అందులో మూడు భాగాలు. విమానం డయల్స్ చదివే ఐఎన్‌ఎస్‌బీ ఒకటి. చేత్తో స్టిక్, కాళ్లతో పెడల్స్ కదుపుతూ ఒక చుక్కను గడిలో నిలపాల్సిన ఎస్‌ఎంఏ రెండోది. ఇందులో మధ్యమధ్యలో వెలిగే లైటుకీ, మోగే శబ్దానికీ కూడా స్పందించాలి. కదిలే చుక్కల దారిని స్టిక్‌తో వెంటాడే సీవీటీ మూడోది. ఎస్‌ఎంఏ, సీవీటీ పేర్లతోనే బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లోనూ పరీక్షలుండేవి. ఇప్పటి సీపీఎస్‌ఎస్ కూడా ఇవే సామర్థ్యాలను కంప్యూటర్ మీద చూస్తుంది.

ఇక మొదటి మాట: "పుట్టుకతో రావాల్సిందే."

ఇందులో కొంత నిజం ఉంది. ఒక వస్తువును మనసులో తిప్పి చూడగలగడం, రెండు పనుల మీద ఒకేసారి ధ్యాస పెట్టగలగడం అందరిలో ఒకేలా ఉండవు. బాగా ప్రిపేరై వెళ్లినా దాటలేకపోయిన పిల్లలను నేను చూశాను. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ప్రాక్టీస్‌తో ఏమీ మారదు అనేది తప్పు.

ఒక్కసారి ఆలోచించండి. సీపీఎస్‌ఎస్ గానీ పీఏబీటీ గానీ ఒకసారి ఫెయిలైన అభ్యర్థి మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచ్‌కు అర్హుడు కాడని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఇది పూర్తిగా పుట్టుకతో వచ్చేదే అయితే ఆ నిబంధన అవసరమేముంది? ఎన్నిసార్లు రాసినా స్కోరు మారదు కదా! రెండోసారి కూర్చున్న మనిషికి యంత్రం అలవాటై ఉంటుంది, స్కోరు పెరుగుతుంది. ఒకే అవకాశం అనే నిబంధనలో నాకు కనిపించేది ఇదే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 1954లో ఫ్లైష్‌మన్, హెంపెల్ అనే పరిశోధకులు అమెరికా వైమానిక దళంలో ఇలాంటి స్టిక్, పెడల్స్ పరీక్ష మీదే అధ్యయనం చేశారు. ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ చేయించారు. మొదట్లో ఎవరు బాగా చేస్తారన్నది ఎక్కువగా దిశలు, ఆకారాలు గ్రహించే శక్తి మీద ఆధారపడింది. ప్రాక్టీస్ పెరిగేకొద్దీ దాని వాటా తగ్గి, చేతులు కాళ్లు కలిపి కదిపే నేర్పు వాటా పెరిగింది. అదే యంత్రం, అదే మనిషి. స్కోరును నిర్ణయించే అంశమే మారిపోయింది. అమెరికా వైమానిక దళమైతే ఈనాటికీ పైలట్ అభ్యర్థి స్కోరు లెక్కించేటప్పుడు పరీక్ష మార్కులతో పాటు అతను అప్పటికే విమానం నడిపిన గంటలను కూడా కలుపుతుంది. పుట్టుకే అంతా అయితే ఆ గంటలు ఎందుకు లెక్కపెట్టడం?

నిజంగా పుట్టుకతో వచ్చేవి వేరే ఉన్నాయి. పైలట్‌కు కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటకూడదు. కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్లు ఉండాలి. నిలబడితే కనీసం 162.5 ఉండాలి. కాక్‌పిట్‌లో కాళ్లు పెడల్స్‌కు అందాలి కాబట్టి ఈ కొలతలు. వీటిని ఏ ప్రాక్టీసూ మార్చలేదు. అలాగే రోజూ కళ్లద్దాలు వాడేవాళ్లకు ఈ పరీక్షకు అర్హత లేదు. "పది మందికి షేర్ చేయండి" అనేవాళ్లు ఈ కొలతలు షేర్ చేస్తే నిజంగానే కొందరి టైమ్ మిగిలేది. గోడకు ఆనుకుని ఇంట్లో టేపుతో కొలుచుకుంటే చాలు, రైలు టికెట్ కొనేలోపే విషయం తెలుస్తుంది.

రెండో మాట: "ముందుగా చదివితే కన్ఫ్యూజ్ అవుతారు."

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. మా పిల్లను ఆపింది కూడా ఇదే. పరీక్షకు ముందు అక్కడ డయల్స్ గురించి వివరిస్తారు, నిజమే. విమానం గురించి ఏమీ తెలియని అభ్యర్థి కూడా విని చేయగలగాలని ఆ ఏర్పాటు. కానీ ఆ వివరణ వేగంగా సాగిపోతుంది. ఆరు డయల్స్‌ను జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడికీ, అప్పటికే పరిచయం ఉన్నవాడికీ ఆ కాసేపట్లో అందేది ఒకటే ఎలా అవుతుంది?

ఒక్క డయల్ చూద్దాం. విమానం ఎటు ఒరిగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్‌లో మధ్యనున్న చిన్న విమానం బొమ్మ కదలదు. వెనకున్న గీత, అంటే దిగంతం, కదులుతుంది. విమానం కుడికి ఒరిగితే గీత కుడి కొస పైకి లేస్తుంది. ముక్కు పైకెత్తితే గీత కిందకు జారుతుంది. కొత్తగా చూసేవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా చదువుతారు. కుడి కొస పైకి లేచింది కాబట్టి ఎడమకు ఒరిగింది అనేస్తారు. ఈ తప్పు ఇంట్లో చేసి దిద్దుకోవాలి. అక్కడ చేస్తే దిద్దుకునే టైమ్ ఉండదు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లి మా పిల్లను కూర్చోబెట్టాను. కాగితం మీద నాలుగు డయల్స్ గీశాను. దిక్సూచి 270 చూపిస్తోంది. ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో వేల అడుగుల చిన్న సూది 4కూ 5కూ మధ్య ఉంది, వందల పెద్ద సూది 5 మీద ఉంది. ఎక్కే, దిగే వేగం చూపే వర్టికల్ స్పీడ్ సూది సున్నాకు పైన ఉంది. హొరైజన్ గీత విమానం బొమ్మకు కిందగా, కుడి కొస పైకి లేచి ఉంది. విమానం ఏం చేస్తోందో చెప్పమన్నాను. "పడమర వైపు, 4,500 అడుగులు, పైకి ఎక్కుతోంది" అని గబగబా చెప్పింది. తర్వాత ఆగిపోయింది.

"కుడి చెయ్యి చాపు. అరచేయి కిందికి. వేళ్లు విమానం ముక్కు, బొటనవేలు ఎడమ రెక్క, చిటికెనవేలు కుడి రెక్క" అన్నాను. వేళ్లు కొంచెం పైకెత్తి, చిటికెనవేలు వైపు కిందికి వంచింది. "కుడికి ఒరిగింది మామయ్యా. పడమర నుంచి కుడికంటే ఉత్తరానికి తిరుగుతోంది!" అంది. నేను ఎదురుగా కూర్చున్నాను, ఆమె వేళ్లు నా వైపే ఉన్నాయి. "ఇప్పుడు నాకు నీ కుడి రెక్క ఎటు కనిపిస్తోంది?" అని అడిగాను. తన చేతిని చూసుకుంది, నన్ను చూసింది. "మీకు ఎడమ పక్క." మన వైపు దూసుకొస్తున్న విమానం బొమ్మలో దాని కుడి రెక్క మనకు ఎడమ పక్కన ఉంటుంది. ఎక్కువమంది తడబడేది అక్కడే. ఆమెకు ఐదు నిమిషాల్లో అర్థమైంది. ఆ ఐదు నిమిషాలు చాలక కల పోగొట్టుకోవడం అన్యాయం.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. ఇంట్లో నేర్చుకున్నది ఎంత బాగా వచ్చినా, అక్కడ చెప్పే సూచనలను కొత్తవాడిలాగే వినాలి. ఏ లివర్ ఎటు కదపాలో, తప్పు జవాబుకు ఏమవుతుందో వాళ్లు చెప్పిందే లెక్క. "నాకు తెలుసులే" అని చెవులు మూసుకునేవాడికి ప్రిపరేషన్ నష్టమే చేస్తుంది. మెసేజ్ రాసినవాళ్లు చూసింది బహుశా అలాంటి వాళ్లనే.

మూడోది గేమ్స్ సంగతి. మొబైల్ గేమ్‌లో రెండు బొటనవేళ్లకే పని. కాళ్లకు పనే లేదు. ఇక్కడ చేతులూ కాళ్లూ కలిసి పనిచేయాలి, చెవులు కూడా తెరిచి ఉంచాలి. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. చాలా గేమ్స్‌లో వేలు ఎంత జరిపితే గుర్తు అంతే జరుగుతుంది. సీవీటీ అంటేనే వేగాన్ని అదుపుచేసే పరీక్ష. స్టిక్‌ను పక్కకు వంచి పట్టుకుంటే గుర్తు కదులుతూనే ఉంటుంది. చుక్క దగ్గరకు చేరాక స్టిక్ వదిలితే అప్పటికే దాటిపోతుంది. చేరుతుండగానే మధ్యకు తెచ్చేయాలి. సైకిల్ కొత్తగా నేర్చుకునేవాళ్లు హ్యాండిల్‌ను అటూ ఇటూ పెద్దగా తిప్పి పడిపోతారు, వచ్చినవాళ్లు కొద్దికొద్దిగా సర్దుతూ పోతారు. ఆ కొద్దికొద్దిగా సర్దడమే ఇక్కడ కావాలి. కంప్యూటర్‌కు జాయ్‌స్టిక్ పెట్టి ఫ్లయిట్ సిమ్యులేటర్ ఆడితే ఈ అలవాటు కొంత వస్తుంది, స్టిక్ వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుందన్నది చేతికి తెలుస్తుంది. కొంత అంటున్నాను, గ్యారంటీ అనడం లేదు. గ్యారంటీ అంటూ వేలకు వేలు తీసుకునే కోచింగులకూ ఇదే వర్తిస్తుంది. అసలు సాఫ్ట్‌వేర్ బయట దొరకదు, వాళ్ల దగ్గర ఉన్నది దాని పోలికే.

అమ్మాయిల గురించి రాసిన మాటకు పెద్దగా జవాబు అక్కర్లేదు. 2016 జూన్‌లో మన హైదరాబాద్ పక్కనే, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా కమిషన్ అందుకున్నారు. 2018లో అవని మిగ్-21ను ఒంటరిగా నడిపింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే మహిళలు మన వైమానిక దళంలో హెలికాప్టర్లు, రవాణా విమానాలు నడుపుతున్నారు. వీళ్లంతా పైలట్ ఎంపిక దాటే వచ్చారు.

చివరిది ఫెయిలైతే ఏమిటన్నది. ఇందులో సగం నిజం ఉంది. దాన్ని దాచడం తప్పు. ఫ్లయింగ్ బ్రాంచ్‌కు సీపీఎస్‌ఎస్ ఒక్కటే అవకాశం, ఫెయిలైతే ఆ దారి మళ్లీ తెరుచుకోదు. ఆ టెన్షన్ నిజమైనదే. అందుకే నిద్ర లేకుండానో, ముందు రోజు పది గంటలు స్క్రీన్ చూసో వెళ్లొద్దంటాను. కానీ మూసుకునేది ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపు, మొత్తం ఎయిర్‌ఫోర్స్ తలుపు కాదు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు గ్రౌండ్ డ్యూటీ టెక్నికల్ ఉంది. మిగతావాళ్లకు నాన్ టెక్నికల్‌లో అడ్మినిస్ట్రేషన్, లాజిస్టిక్స్, అకౌంట్స్ లాంటివి ఉన్నాయి. ఆర్మీ, నేవీల్లో విమానం నడపని బ్రాంచ్‌లు ఉన్నాయి. విమానమే నడపాలనుకుంటే పౌర విమానయానం ఉంది. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటల ఫ్లయింగ్, రాతపరీక్షలు, మెడికల్ కావాలి. దానికి సీపీఎస్‌ఎస్‌తో సంబంధం లేదు. ఖర్చు చాలా ఎక్కువ, అందరికీ అందేది కాదు, అదీ చెప్పాలి.

మా పిల్ల ఏఎఫ్‌క్యాట్ ఫారంలో ఫ్లయింగ్ తర్వాత గ్రౌండ్ డ్యూటీ కూడా ఆప్షన్‌గా పెట్టింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట డయల్స్ చూస్తోంది. నిన్న తనే ఆరు డయల్స్ గీసి నాకు ఫొటో పంపి, "ఇది చెప్పండి మామయ్యా" అని అడిగింది. నేను ఆర్టిఫిషియల్ హొరైజన్ దగ్గర ఒక క్షణం ఆగి, చెయ్యి చాపి చూసుకుని చెప్పాను. రైటే వచ్చింది.