నాలుగో భటుడి వేషం గారికి

మహారాజశ్రీ నాలుగో భటుడి వేషం గారి సముఖమునకు, అమలాపురం పక్కనున్న ఒక హైస్కూలు తెలుగు మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. తమరు కూడా ఎప్పటిలాగే స్టేజీకి ఎడంపక్క, తెర మడత వెనకాల క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమకి నేను రుణపడున్నానండి. వార్షికోత్సవం నాటకానికి పేర్లిమ్మంటే 43 మంది చేతులెత్తారు. పుస్తకంలో మాట్లాడే పాత్రలు 9. రాజుగారి కొలువులో ఇంతమందే భటులుండాలని ఏ శాస్త్రంలోనూ లేదు కదా, అక్కడ పుట్టారు తమరు. భటులు నిండిపోతే పౌరులు, పౌరులూ నిండిపోతే చెట్లు. ఒక ఏడు చెట్లు మరీ ఎక్కువై మంత్రి పక్కవాటుగా దూరి సభలోకి వచ్చాడు. హెడ్మాస్టారు మాత్రం "ఎంతమందికి అవకాశమిచ్చారండీ!" అని మెచ్చుకున్నారు.

ఖర్చు కూడా తక్కువే. సరుగుడు కర్రకి వెండి కాగితం, నెత్తికి అట్టముక్క, కాటుకతో మీసం. మా బళ్ళో వేషాలడిగేది ఆడపిల్లలే ఎక్కువ, నాటకాల్లో ఉండేవేమో మగవేషాలు. రెండో రంగానికల్లా చెమటకి మీసాలు కారి సగంమంది భటులకి గడ్డాలొచ్చేవి.

తగువు ఎక్కడొచ్చిందంటే, నిరుడు తమ వేషం కట్టిన కుర్రాడి నాయనమ్మ ర్యాలి నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. వాడికున్నది ఒకే మాట: "చిత్తం ప్రభూ!" నెల్లాళ్ళు ఇంట్లో గేదెతో కూడా అదే అన్నాడట. తీరా ఆ రాత్రి ముఖ్య అతిథి ఉపన్యాసం సాగి, టైము చాలక, ఆ మాట నేనే కొట్టేశాను. నాటకమయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చి "మావోడెప్పుడొత్తాడండి మాస్టారూ?" అంది. వచ్చి వెళ్ళాడమ్మా అన్నాను. తెచ్చిన పూతరేకులు నా చేతిలోనే పెట్టింది. గొంతు దిగలేదని రాస్తే అబద్ధం, నేతివి, దిగాయి.

ఉపాయం మన వాకిట్లోనే ఉందండి. తిరుపతి వెంకట కవుల్లో దివాకర్ల వారు భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు, చెళ్ళపిళ్ళ వారు కడియంలో. వారి భారత నాటకాలు తీర్థాల్లో తెల్లవార్లూ ఆడితే ఒక్క కృష్ణుడి గొంతు ఎలా ఆగుతుంది? అందుకే పడక సీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు. మొహం మారిందేమిటని అడిగినవాడు లేడు. ఎవరు రాగం ఎక్కువ లాగారన్నదే జనానికి పట్టింది. నేనేమో ఇన్నాళ్ళూ కృష్ణుణ్ణి ఒక్కడికే కట్టబెట్టి, మిగిలినవాళ్ళకి ఈటెలు పంచాను.

ఈ ఏడు అయిదుగురు కృష్ణులు, అందులో నలుగురు ఆడపిల్లలు. ఏ రంగం పిల్లలు ఆ రంగమే రిహార్సలు చేసుకుంటారు కాబట్టి సంక్రాంతికి అమ్మమ్మగారింటికెళ్ళి పదిరోజులు తిరిగిరాని కృష్ణుడి వల్ల ఒక్క రంగమే ఆగింది. కిరీటం మాత్రం ఒకటే, తెర వెనక చేతులు మారుతుంది. "మా అమ్మాయికి రెండు పద్యాలేనా, ఒకటో కృష్ణుడికి మూడా?" అని ఒకాయన బడికొచ్చి కూర్చున్నారు. కూర్చోనిచ్చాను. పూతరేకుల కంటే ఆ మాటే తేలిగ్గా ఉంది.

కాబట్టి తమరిని కొలువు నుంచి తప్పించడమైనది. ఈటెలు నాలుగూ స్టోరు గదిలో జాగ్రత్తగానే ఉన్నాయి. ఒకటి మాత్రం తెర లాగే కర్ర విరిగితే వాడుకున్నాం.