ఆ ఎద్దులు ఎక్కుతున్నది గండికోట కొండ కాదు

"1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను ముట్టడించినప్పటి చిత్రమిది. పెన్న లోయ, ఫిరంగులు లాగే ఎద్దులు చూడండి. కళ్లారా చూసినవాడు గీశాడు. లండన్‌లో దాచేశారు." జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది. బొమ్మ లండన్‌లో ఉండటం నిజం. మిగతాదేదీ నిలవదు.

మొదటిది, కోట. అది రాజస్థాన్‌లోని రణథంబోర్. 1568-69లో అక్బర్ దాన్ని ముట్టడించాడు. బొమ్మ అక్బర్ పాలన చరిత్ర అయిన అక్బర్‌నామా ప్రతిలోని పుట. అక్బర్ పోయింది 1605లో, గండికోట పడిపోయింది ఆ తర్వాత 45 ఏళ్లకు.

పెన్న లోయ అంటారా? గండికోట అంచున నిలబడ్డవాళ్లకు ఆ బండల తీరు తెలుసు: ఎర్రగా, పలకలు పేర్చినట్టు, నిట్టనిలువుగా. బొమ్మలో రాళ్లు ముద్దలు ముద్దలుగా ఉబికి ఉన్నాయి. పర్షియా చిత్రకళ నుంచి మొగల్ చిత్రకారులకు అబ్బిన పద్ధతి అది. ఏ కొండనైనా దాదాపు అలాగే గీసేవాళ్లు.

ఇక కళ్లారా చూడటం. ఈ పుట తయారైంది 1590ల్లో, ముట్టడి జరిగిన ఇరవై ఏళ్ల పైచిలుకుకు. పైగా గీసింది ఒక్కరు కాదు. కూర్పు మిస్కిన్‌ది, రంగులు పారస్‌వి. అక్బర్ చిత్రశాలలో పని అలా పంచుకునేవాళ్లు. ఎవరి పని ఏదో ఆ ప్రతిలో బొమ్మల కింది అంచున ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. అయినా బొమ్మ గొప్పదే. జతలు జతలుగా కట్టిన ఎద్దులు ఏటవాలున బరువుకు ముందుకు వంగి లాగుతుంటే మన మెడ నరాలు బిగుసుకుంటాయి. ఆ గొప్పతనాన్ని మిస్కిన్, పారస్‌ల నుంచి లాక్కోవడం అన్యాయం.

దాచడం కూడా అబద్ధమే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1896లో ఈ ప్రతిని కొన్నది. పుటలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. మన దేశం ఎలా దాటిందని అడగాల్సిందే, కానీ అది వేరే ప్రశ్న.

గండికోట గురించి ఆనాటి సాక్ష్యమే కావాలంటే తవెర్నియే రాతలు చదవండి. ఆ ఫ్రెంచి వర్తకుడు 1652లో ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కొండను తొలిచిన ఇరుకు దారినీ, పక్కనే భయం పుట్టించే లోతునూ వర్ణించాడు. మన చరిత్రకు సంబంధించిన బొమ్మే కావాలంటే, అహ్మద్‌నగర్ సుల్తాన్ హుసేన్‌ను పొగిడే కావ్యం తారీఫ్-ఎ-హుసేన్‌షాహీ పుణే ప్రతిలో, 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగర పాలకుడు అళియ రామరాయల శిరచ్ఛేదం ఉంది. అది గెలిచిన అహ్మద్‌నగర్ వాళ్లు గీయించుకున్నది, ఆ ఎరుకతోనే చూడాలి. ఆ ఓటమితోనే విజయనగర రాజధాని మన పెనుకొండకు వచ్చింది.