కన్ను చూపించి దేవుణ్ణి నిరూపించగలమా?

రెండు చేతులూ ముందుకు చాచి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ వేలినే చూస్తూ కుడి వేలిని మెల్లగా పక్కకి జరపండి. జానెడు వెళ్లేలోపే ఆ వేలి కొన మాయమైపోతుంది. బడిలో చదివిన అంధచుక్క ఇదే. మన కంటి వెనక గోడకి ఉండే తెర, అంటే రెటీనాలో నరాలు వెలుతురు వచ్చే వైపే ఉంటాయి, మెదడుకి వెళ్లాలంటే ఎక్కడో ఒకచోట రెటీనాకి కన్నం పెట్టుకునే పోవాలి. ఆక్టోపస్‌కి నరాలు వెనక ఉంటాయి, దానికి ఈ ఇబ్బంది లేదు.

1802లో ఇంగ్లండ్ మతగురువు విలియం పేలీ సృష్టికర్త ఉన్నాడనడానికి గట్టి సాక్ష్యంగా చూపించింది ఈ కన్నునే. గడియారం కనిపిస్తే చేసినవాడు ఉన్నాడంటాం, మరి కన్ను సంగతేంటి అన్నాడు. చదువుకునే రోజుల్లో డార్విన్‌కి ఈ వాదన ఎంతో నచ్చింది. 1859లో పరిణామ సిద్ధాంతంతో దాని వేళ్లు కదిలించిందీ ఆయనే. వెలుగునీ చీకటినీ మాత్రమే పసిగట్టే మచ్చ, అది గుంటపడితే వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది, గుంట లోతై మూతి ఇరుకైతే బొమ్మ ఏర్పడుతుంది. నత్తలూ ఆక్టోపస్‌లూ ఉన్న జీవుల వర్గంలో ఈ మెట్లన్నీ ఇప్పటికీ కనిపిస్తాయి, ప్రతి మెట్టూ ఆ జీవికి పనికొచ్చేదే. 1994లో నిల్సన్, పెల్గర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగడితే చదునైన మచ్చ చేపకన్ను లాంటిదవ్వడానికి 4 లక్షల తరాలు కూడా అక్కర్లేదని తేలింది.

కాబట్టి వాదన బలహీనపడింది అనడం కూడా తక్కువే. జీవుల శరీరాల మీద కట్టిన వాదన కూలిపోయింది. ప్రకృతి నియమాలు అసలెందుకున్నాయన్నది వేరే చర్చ, దాన్ని డార్విన్ ముట్టుకోలేదు.

కానీ ఇది భక్తికి దెబ్బ అంటుంటే మాత్రం నాకు బాధేస్తుంది. కుండకి కుమ్మరి ఉన్నట్టే లోకానికీ కర్త ఉన్నాడని మన దగ్గర ఉదయనుడి లాంటి నైయాయికులు, అంటే న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు వాదించారు. ఆ తర్కాన్ని బ్రహ్మసూత్రాలకి రాసిన వ్యాఖ్యానం శ్రీభాష్యంలో ఖండించింది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ రామానుజులు! పెద్ద పెద్ద కట్టడాలు ఎందరో కలిసి కడతారు కదా, కొండల్నీ భూమినీ ఒక్కడే ఒక్కసారే చేశాడని ఊహతో ఎలా తేలుస్తారు, కుమ్మరి పోలికే పట్టుకుంటే ఆ కర్తకీ ఒళ్లూ పరిమితులూ అంటగట్టాలి కదా అన్నారు. బ్రహ్మాన్ని తెలిపేది శాస్త్రమే, అంటే వేదమే గానీ తర్కం కాదన్నది ఆయన మాట. నారాయణుడి మీద అంత నమ్మకం ఉన్న మనిషికే ఈ వాదన అక్కర్లేకపోయింది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ పాఠాన్ని తీసేసినప్పుడు, పోనీలే పిల్లలకి దేవుడి మీద నమ్మకం ఉంటుంది అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ పాఠాన్ని తిరిగి పెట్టాలి.