కర్జన్ గారి ఇల్లు, మా అమ్మ జీరంగి

ఇల్లు కట్టుకునేది ఉండటానికని మనవాళ్ళు ఇన్నాళ్ళూ పొరబడుతూ వచ్చారు. ఆ పొరపాటు ఇంగ్లండులో డెర్బీ దగ్గర కెడిల్‌స్టన్ హాల్‌ చూశాక నాకు పూర్తిగా వదిలింది. సర్ నథానియల్ కర్జన్ అనే దొర 1759లో ఈ ఇల్లు మొదలుపెట్టాడు. మధ్యలో ఉన్న మహాభవనం వచ్చేపోయేవాళ్ళు చూసి నోరెళ్ళబెట్టడానికి, తాము కాపురం ఉండటానికి మాత్రం పక్కన చిన్న భాగం, వంటిల్లేమో రెండో పక్కన, వంపు తిరిగిన పొడుగాటి వసారాకి అవతల. కూర పొయ్యి దిగి విస్తట్లోకొచ్చేసరికి దానికి కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి. ఊళ్ళో డూప్లెక్స్ కట్టి, సోఫాకి ప్లాస్టిక్ కవరు తియ్యకుండా, వెనక రేకుల షెడ్డులో చాపేసుకు పడుకునే మా మావయ్యని ఇన్నేళ్ళూ ఎగతాళి చేశాం. ఆయన పాటిస్తున్నది పద్దెనిమిదో శతాబ్దపు దొరల మర్యాద అని ఎవరికి తెలుసు?

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాను. నాన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు, తాజ్‌మహల్ చూసినా ముందు హద్దులే అడుగుతారు. ఇక్కడ హద్దుల కథ బాగుంది. ఇల్లు కట్టేటప్పుడు ఎదురుగా ఊరొకటి అడ్డమొచ్చింది. దొర ఇల్లు జరపలేదు, ఊరినే జరిపించాడు. పాత చర్చి ఒక్కటీ మిగిలింది, దేవుణ్ణి కదపడానికి మొహమాటపడ్డట్టున్నారు. మన దగ్గర ప్రాజెక్టు కడితే ముంపు గ్రామాలుంటాయి, ఇక్కడ వ్యూ కోసం మునిగిన గ్రామమన్నమాట.

"ప్యాకేజీ ఇచ్చారా?" అన్నారు నాన్న.

లోపల మార్బుల్ హాల్లో 25 అడుగుల అలబాస్టర్ (పాలరాయిలాంటి మెత్తటి రాయి) స్తంభాలు 20 ఉన్నాయి. అటుపక్క గదిలో బంగారు పూత పూసిన జలకన్యలు మోస్తున్న సోఫాలు. ఇలాంటి ఇళ్ళలో కూర్చోవద్దని బోర్డు పెట్టడం అనాగరికం, అందుకని కుర్చీ మీద మన పల్లేరుకాయకి పెద్దన్నలాంటి ఒక ఎండు ముళ్ళకాయ పెడతారు. అంత మర్యాదగా "లే" అనడం నేనింకెక్కడా చూడలేదు. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసే జాతి మనది, మనకి అర్థం కావడానికి అట్టే టైం పట్టదు.

ఈ వంశంవాడే మన వైస్రాయ్ లార్డ్ కర్జన్, 1899 నుంచి 1905 దాకా. వీళ్ళింటి నినాదం "కర్జన్ పట్టింది కర్జన్ దగ్గరే ఉండనీ" అని. ఉడుం కూడా ఇంత బాహాటంగా రాసి పెట్టుకోదు. 1902లో ఆయన మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న బేరారు ప్రాంతాన్ని ఏడాదికి 25 లక్షలకి శాశ్వత లీజుకి తీసుకున్నాడు. ఇది చెప్పగానే నాన్న మొహం మారిపోయింది. "శాశ్వతమైతే అది లీజెట్లా అవుతుందిరా, స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి రాయించుకున్న సేల్ డీడు కదా!" అని అక్కడ గైడుగా నిలబడ్డ పెద్దావిడకి తెలుగులోనే వివరించారు. ఆవిడ చక్కగా నవ్వి తలూపింది. బేరారు విషయంలో మనకి అందిన అంగీకారం ప్రస్తుతానికి ఇదే.

న్యాయంగా చెప్పాలంటే కర్జన్ మన పాత కట్టడాల్ని కాపాడాలని 1904లో చట్టం తెచ్చాడు. మరుసటేడు బెంగాల్‌ని రెండు ముక్కలు చేశాడు. రాతి కట్టడమైతే బతికిపోయేది పాపం.

కింద ఆయన తూర్పు దేశాల్లో పోగేసిన సామాన్ల మ్యూజియం ఉంది. అక్కడే 1903 ఢిల్లీ దర్బారప్పటి బాల్‌కి కర్జన్ భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను. నాలుగు కిలోల పైనే బరువు. పనంతా మగ్గం వర్కే, మనవాళ్ళు బంగారు వెండి జరీతో కుట్టిందే, తర్వాత పారిస్‌లో గౌనుగా తయారైంది. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో నెమలికన్ను మధ్యలో పచ్చగా మెరిసేదాన్ని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, ఇది రాయి కాదురా. జీరంగి!"

నిజమే, జీరంగి పురుగు రెక్క. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునేదట, గుడ్డు పెడితే బడంతా చెప్పుకునేదట. ఎన్ని జీరంగులో అని లెక్కపెట్టడం మొదలుపెట్టి, పాతిక దాటాక వెనక క్యూ కదలమనేసరికి మానేసింది.

కలకత్తాలో గవర్నర్ జనరల్ బంగళా, స్వాతంత్ర్యం తర్వాత రాజ్‌భవన్ అయినది, ఈ ఇంటిని చూసి కట్టిందే. 1803కల్లా పూర్తయింది. ఇక్కడ నాలుగు పక్క భవనాలు అనుకుని రెండే కట్టగలిగారు, అక్కడ నాలుగూ కట్టారు. ఎందుకో నాన్నకి చెప్పక్కర్లేకపోయింది. చివరికి వారసత్వపు పన్ను దెబ్బకి 1987లో ఈ ఇల్లు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికొచ్చింది. పట్టింది పట్టినట్టు ఉంచుకున్న వంశాన్ని ఓడించింది పన్నులవాళ్ళని వినగానే రిటైరైన ఉద్యోగి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

బయట గడ్డిలో దుప్పటి పరిచి పులిహోర తీశాం. సరిగ్గా ఇంటికెదురుగా, ఊరుండిన వైపే అనుకుంటా. అమ్మ చెయ్యి కడుక్కుంటూ "ఇక్కడ వీళ్ళ బావి ఎటుండేదో" అంది. నాన్న అప్పటికే పార్కు మ్యాపులో హద్దులు చూస్తున్నారు.